టీచర్లలో బర్నౌట్: బోధనలో సంతోషం ఎక్కడ పోతోంది, ఎలా తిరిగొస్తుంది?

'నెల తిరిగేసరికి జీతం, ఏడాదికి బోలెడు సెలవులు, ఇంకేం కష్టం?' ప్రభుత్వ బడి టీచర్ అలసిపోయానంటే ముందుగా వినిపించే మాట ఇదే. రాయ్‌పూర్‌లోనూ ఇంతే, రాజమండ్రిలోనూ ఇంతే. అందుకే చాలామంది టీచర్లు ఆ అలసటను బయటపెట్టరు. రోజూ బడికి వెళ్తారు, హాజరు వేస్తారు, సిలబస్ పూర్తి చేస్తారు. లోపల మాత్రం పాఠం మీద మనసు ఎప్పుడో వదిలేసి ఉంటుంది. దాని ఖరీదు ముందుగా చెల్లించేది పిల్లలు. ఇంట్లో చదువు చెప్పే పెద్దలు లేని పిల్లలైతే మరీ ఎక్కువ.

ఛత్తీస్‌గఢ్‌లో గత ముప్పై ఏళ్లుగా టీచర్ ఉద్యోగం అనేక మలుపులు తిరిగింది. బర్నౌట్ ఎలా పుడుతుందో, దాని నుంచి బయటపడే దారులేమిటో అర్థం చేసుకోవడానికి రాయ్‌పూర్ అనుభవం బాగా ఉపయోగపడుతుంది.

బర్నౌట్ అంటే ఏమిటి?

ఈ మాటను ఉద్యోగ జీవితానికి అన్వయించి 1974లో వ్యాసం రాసింది న్యూయార్క్ మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్. ఉచిత వైద్య కేంద్రాల్లో ఎంతో ఉత్సాహంగా చేరినవాళ్లు కొంతకాలానికే నిస్సత్తువగా, చిరాగ్గా మారిపోవడాన్ని ఆయన దగ్గర నుంచి చూశారు. తర్వాత 1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ దీన్ని కొలిచే ప్రశ్నావళిని తయారుచేశారు. వాళ్లు చెప్పిన లక్షణాలు మూడు. తరగతి గదిలో అవి ఇలా కనిపిస్తాయి.

మొదటిది, భావోద్వేగాలు అడుగంటిపోవడం. రాత్రి నిద్రపోయినా, ఆదివారం గడిచినా అలసట తీరదు. సోమవారం ఉదయం బడి గుర్తుకొస్తేనే కడుపులో దిగులు.

రెండోది, పిల్లలతో దూరం పెరగడం. ఒకప్పుడు పేరుపెట్టి పిలిచిన పిల్లలు 'ఈ బ్యాచ్', 'ఆ వెనక బెంచీ వాళ్లు' అయిపోతారు. 'వీళ్లకి ఎంత చెప్పినా ఇంతే' అనే మాట అలవాటుగా వచ్చేస్తుంది.

మూడోది, తాను చేస్తున్న పనికి విలువ లేదన్న భావన. నేను చెప్పినా చెప్పకపోయినా ఒకటే అనిపిస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణ (ఐసీడీ-11)లో బర్నౌట్‌ను జబ్బుగా చూపలేదు. పని ప్రదేశంలోని దీర్ఘకాలిక ఒత్తిడిని సరిగా నిర్వహించకపోవడం వల్ల వచ్చే 'వృత్తిపరమైన పరిణామం'గా పేర్కొంది. దీన్నిబట్టి మనిషిలో లోపం వెతికే ముందు పని పరిస్థితిని చూడాలని అర్థమవుతుంది. టీచర్‌ను యోగా శిబిరానికి పంపి, తిరిగొచ్చాక అదే బడిలో అదే బరువు నెత్తిన పెడితే పెద్దగా ఏమీ మారదు.

శిక్షాకర్మీ నుంచి రేషనలైజేషన్ దాకా

ఉమ్మడి మధ్యప్రదేశ్‌లో 1990ల్లో రెగ్యులర్ టీచర్ల నియామకాలు ఆపేసి, పంచాయతీల ద్వారా తక్కువ వేతనానికి 'శిక్షాకర్మీ'లను తీసుకోవడం మొదలైంది. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడినప్పుడు ఈ వ్యవస్థ కూడా కొత్త రాష్ట్రానికి వారసత్వంగా వచ్చింది. ఒకే బడి, ఒకే తరగతి, ఒకే పాఠం. కానీ ఒకరిది పూర్తి జీతం, పక్క గదిలోని వారిది అందులో కొంత భాగం. ఏళ్ల తరబడి ధర్నాలు, సమ్మెలు సాగాయి. చివరికి 2018 జులై నుంచి, ఎనిమిదేళ్ల సర్వీసు పూర్తయినవారిని పాఠశాల విద్యాశాఖలో విలీనం చేశారు. రెండేళ్లు పూర్తయినవారికీ ఈ అవకాశం 2020 నవంబర్‌లో వచ్చింది.

అస్థిరత అక్కడితో ఆగలేదు. ప్రాథమిక తరగతులకు బీఎడ్ అర్హత చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దాని ప్రభావంతో ఛత్తీస్‌గఢ్‌లో అప్పటికే పాఠాలు చెబుతున్న 2,897 మంది సహాయ ఉపాధ్యాయులు ఉద్యోగాలు కోల్పోయారు. రాయ్‌పూర్‌లో నెలల తరబడి ఆందోళన చేశాక, 2025 ఏప్రిల్ చివర్లో వారిలో 2,621 మందిని సైన్స్ ల్యాబొరేటరీ సహాయ ఉపాధ్యాయులుగా సర్దుబాటు చేయాలని మంత్రివర్గం నిర్ణయించింది. అదే ఏడాది 'యుక్తియుక్తకరణ్' పేరుతో పది వేలకు పైగా బడులను విలీనం చేసి, టీచర్లను తిరిగి పంపిణీ చేశారు. టీచరే లేని బడులకు టీచర్ వచ్చారన్నది ప్రభుత్వం చెప్పే ఫలితం. కౌన్సెలింగ్‌లో అన్యాయం జరిగిందన్నది సంఘాల వాదన. రెండింటి మధ్యా తలకిందులైంది టీచర్ దినచర్య.

ఆరు చోట్ల అతుకు తెగుతుంది

మాస్లాక్, మైఖేల్ లైటర్ 1997లో ఒక చట్రాన్ని ప్రతిపాదించారు. మనిషికీ పనికీ మధ్య ఆరు చోట్ల పొంతన కుదరకపోతే బర్నౌట్ వస్తుందని దాని సారాంశం. ఆ ఆరు: పనిభారం, పని మీద అదుపు, గుర్తింపు, తోటివారి తోడు, న్యాయం, విలువలు. రాయ్‌పూర్ టీచర్ల అనుభవాన్ని ఈ చట్రంలో పెట్టి చూస్తే చిత్రం స్పష్టమవుతుంది.

పనిభారం అంటే పాఠాల బరువొక్కటే అనుకోకూడదు. జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థ (నీపా) గుజరాత్, కర్ణాటక, మహారాష్ట్ర, ఒడిశా, ఉత్తరాఖండ్‌లలో చేసిన అధ్యయనం ప్రకారం, టీచర్ల వార్షిక పని గంటల్లో బోధనకు దక్కింది 19.1 శాతమే. మిగతాదంతా రిజిస్టర్లు, మధ్యాహ్న భోజనం, సర్వేలు, సమావేశాలు, ఇతర శాఖల పనులు. ఛత్తీస్‌గఢ్‌లో 2025 నవంబర్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ మొదలైంది. బీఎల్‌ఓలుగా ఇల్లిల్లూ తిరిగినవారిలో టీచర్లూ ఉన్నారు. బడి చుట్టుపక్కల వీధికుక్కల సమాచారాన్ని స్థానిక సంస్థలకు చేరవేసే బాధ్యతను కూడా అదే నెలలో ప్రధానోపాధ్యాయులకు అప్పగించారు.

తెలుగు పాఠకులకు ఇది కొత్తగా అనిపించదు. 2020 మేలో విశాఖ ప్రాంతంలో మద్యం దుకాణాల ముందు క్యూలు సరిచేయడానికి టీచర్లను పంపిన సంగతి ఇంకా గుర్తుంది. కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ 2024-25 లెక్కల్లో దేశంలో ఏకోపాధ్యాయ బడులు 1,04,125. అవి ఎక్కువగా ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఒకే గదిలో ఐదు తరగతులు, ఒకే టీచర్. అక్కడ పనిభారం, ఒంటరితనం కలిసే వస్తాయి.

అదుపు, గుర్తింపు కూడా ఇలాగే జారిపోతాయి. ఏ రోజు ఏ పేజీ చెప్పాలో పైనుంచి నిర్ణయమైతే, హాజరును యాప్ చూసుకుంటే, శిక్షణలో ఒకరు చెబుతుంటే అందరూ వినడమే అయితే టీచర్ తన బుర్రకు పని ఎక్కడ చెప్పాలి? న్యాయం సంగతి శిక్షాకర్మీల కథే చెబుతోంది. విలువల మధ్య ఘర్షణ అన్నిటికన్నా లోతైనది. పిల్లవాడికి చదవడం రాలేదని తెలిసి కూడా 'లక్ష్యం పూర్తయింది' అని ఫారంలో రాయాల్సి రావడం టీచర్‌ను లోపల నుంచి తొలిచేస్తుంది.

చట్టం ఏం చెబుతోంది?

విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం పదేళ్లకోసారి జరిగే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప మరే బోధనేతర పనికీ టీచర్లను వాడకూడదు. ఎన్నికల పనికీ పరిమితి ఉంది. సెయింట్ మేరీస్ స్కూల్ కేసులో సుప్రీంకోర్టు 2007లో ఇచ్చిన తీర్పు ప్రకారం, ఓటర్ల జాబితా సవరణ వంటి పనులను సెలవు రోజుల్లో, బోధన లేని వేళల్లో అప్పగించాలి. మామూలుగా పాఠం నడిచే సమయంలో టీచర్‌ను బయటికి పంపకూడదు. చట్టం షెడ్యూలు టీచర్‌కు వారానికి 45 గంటల పనిని నిర్దేశించింది. పాఠానికి సిద్ధమయ్యే సమయం కూడా అందులో భాగమే. ఆ సన్నద్ధత ఉద్యోగంలో భాగమని చట్టమే చెబుతోందన్న సంగతి చాలామంది హెడ్‌మాస్టర్లు మర్చిపోతారు.

ఈ నిబంధనలు తెలిసినంత మాత్రాన బరువు దిగిపోదు. కానీ ఏ పని తన వైఫల్యం వల్ల మిగిలిపోయిందో, ఏ పని అసలు తనది కాదో విడదీసి చూడటానికి సాయపడతాయి. అలసిన మనసుకు ఆ తేడా తెలియడం చిన్న ఊరటేమీ కాదు.

సంతోషం ఎక్కడి నుంచి వస్తుంది?

అమెరికా సామాజిక శాస్త్రవేత్త డాన్ లోర్టీ 1975లో ప్రచురించిన పుస్తకంలో, టీచర్లకు అసలైన ప్రతిఫలం జీతమో పదోన్నతో కాదనీ, 'ఈ పిల్లకి నా వల్ల అర్థమైంది' అనిపించే క్షణమేననీ చెప్పారు. జీతం తక్కువైనా ఫరవాలేదని దీనర్థం కాదు. జీతం పెరిగినా ఆ క్షణం కరువైతే వృత్తి చప్పబడిపోతుందని మాత్రం అర్థం.

మైఖేల్ హ్యూబర్‌మన్ స్విట్జర్లాండ్‌లో 160 మంది టీచర్ల ఉద్యోగ జీవితాలను పరిశీలించారు. కెరీర్ చివరి దశలో ఎక్కువ సంతృప్తిగా ఉన్నవారిలో, పెద్ద పెద్ద సంస్కరణల వెంట పరుగెత్తినవారి కన్నా తమ తరగతిలో చిన్న చిన్న ప్రయోగాలు చేస్తూ వచ్చినవారే ఎక్కువ. పెరటి తోటలా తరగతిని చూసుకున్నవారన్నమాట.

ఛత్తీస్‌గఢ్‌లో దీనికి ఉదాహరణ కొవిడ్ కాలంలో దొరికింది. 2020 ఏప్రిల్‌లో ప్రభుత్వం 'పఢయీ తుంహర్ దుఆర్' పేరుతో ఆన్‌లైన్ చదువు ప్రారంభించింది. ఛత్తీస్‌గఢీలో ఆ మాటకు 'చదువు మీ గుమ్మానికి' అని అర్థం. కానీ చాలా ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ లేదు, సిగ్నల్ లేదు. అప్పుడు టీచర్లు సొంత దారులు వెతికారు. వాడల్లో చెట్ల కింద తరగతులు పెట్టారు. బస్తర్‌లో లౌడ్‌స్పీకర్ ద్వారా పాఠాలు వినిపించారు. నెట్ లేని చోట బ్లూటూత్‌తో పాఠాలు పంచారు. కోరియా జిల్లాలో ఒక ఉపాధ్యాయుడు మోటార్‌సైకిల్‌కు బోర్డు కట్టుకుని, గొడుగు పట్టుకుని వాడవాడకూ వెళ్లి చదువు చెప్పారు. తల్లులను చదువులో భాగస్వాములను చేసే 'అంగ్నా మా శిక్షా'ను మహిళా టీచర్లు ముందుండి నడిపించారు.

ఆ రోజుల్లో పని తగ్గలేదు, భయం ఎక్కువే ఉంది. అయినా ఎలా చెప్పాలో టీచర్ తనే నిర్ణయించుకున్నారు, ఫలితం పిల్లల ముఖంలో అప్పటికప్పుడే కనిపించింది. ఆరు అంశాల్లో అదుపు, గుర్తింపు, తోడు అనే మూడు ఒక్కసారిగా తిరిగొచ్చాయి. బడులు తెరుచుకున్నాక ఆ స్వేచ్ఛను నిలబెట్టుకోవడం ఎలా అన్నదే అసలు ప్రశ్న.

తోటివారి తోడుకు ఉమ్మడి మధ్యప్రదేశ్‌లోనే పాత నమూనా ఉంది. 1972లో 16 బడుల్లో మొదలై, తర్వాత ఏకలవ్య సంస్థ చేతుల్లో విస్తరించిన హోషంగాబాద్ సైన్స్ బోధన కార్యక్రమం అది. టీచర్లు నెలకోసారి కలిసి తరగతిలో ఏ ప్రయోగం పనిచేసింది, ఏది విఫలమైంది, పిల్లలు ఏం అడిగారు అని చర్చించుకునేవారు. 2002లో ప్రభుత్వం కార్యక్రమాన్ని ఆపేసింది. కానీ నెలకోసారి కలిసి పాఠం గురించే మాట్లాడుకోవడమనే పద్ధతికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కర్లేదు.

రేపటి నుంచి ఏం చేయవచ్చు?

బరువును విడదీయండి. ఒక వారం పాటు ఏ పనికి ఎంత సమయం పోతోందో రాసుకోండి. బోధన, దానికి సన్నద్ధత, బడి నిర్వహణ, ఇతర శాఖల పని అని నాలుగు గడులు చాలు. ఆ కాగితం చేతిలో ఉంటే హెడ్‌మాస్టర్‌తో, సంఘంతో మాట్లాడటం తేలిక.

వారానికి ఒక పీరియడ్ మీదిగా ఉంచుకోండి. కథ చెప్పడం, బడి ప్రాంగణంలో మొక్కలు లెక్కపెట్టించడం, పిల్లల చేత ప్రశ్నలు రాయించడం, ఏదైనా ఫరవాలేదు. గిజుభాయి 'పగటి కల'లో ఒక టీచర్ నాలుగో తరగతితో చేసిన ఏడాది ప్రయోగం కథలతోనే మొదలవుతుంది.

పిల్లల ఇంటి భాషను తరగతిలోకి రానివ్వండి. రాయ్‌పూర్‌లో బడి భాష హిందీ, చాలా ఇళ్లలో ఛత్తీస్‌గఢీ. బస్తర్ వైపు గోండీ, హల్బీ. కోంటా, భోపాల్‌పట్నం ప్రాంతాల్లో తెలుగు కూడా వినిపిస్తుంది. 'నోరు విప్పరు' అనుకున్న పిల్లలు తమ భాషలో అడిగితే గలగలా మాట్లాడతారు. టీచర్‌కు కోల్పోయిన నమ్మకం చాలాసార్లు అక్కడే తిరిగి దొరుకుతుంది.

ఇద్దరు ముగ్గురు తోటి టీచర్లను కూడగట్టుకోండి. నెలకోసారి, గంటసేపు. బదిలీలు, డీఏల మాట పక్కనపెట్టి పాఠాల గురించి మాట్లాడుకోండి.

హెడ్‌మాస్టర్లు, అధికారులు చేయాల్సింది కూడా ఉంది. ఒకే సమాచారాన్ని నాలుగు ఫార్మాట్లలో అడగడం మానాలి. పాఠాల వేళల్లో వాట్సాప్ ఆదేశాలు ఆపాలి. జాతీయ విద్యా విధానం 2020 ఏటా 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. ఆ గంటల్లో ఏం నేర్చుకోవాలో టీచర్లను ఎంచుకోనివ్వాలి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

బర్నౌట్ సాధారణంగా పనితో ముడిపడి ఉంటుంది. ఇంట్లో కూడా దేని మీదా ఆసక్తి లేకపోవడం, వారాల తరబడి నిద్ర, ఆకలి దెబ్బతినడం, బతకాలని లేదన్న ఆలోచనలు రావడం డిప్రెషన్ సూచనలు కావచ్చు. అప్పుడు చిట్కాలతో సరిపెట్టుకోకుండా వైద్యులను కలవాలి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ, హిందీలోనూ మాట్లాడతారు.

వేతనం, ఖాళీలు, బోధనేతర పనులు ఏ ఒక్క టీచరూ తీర్చగల సమస్యలు కావు. వాటి కోసం అడగడం, పోరాడటం అవసరమే. అయితే అవి తీరేదాకా పిల్లల బాల్యం ఆగదు. రెండో తరగతి పిల్లకు రెండో తరగతి ఒక్కసారే వస్తుంది. వ్యవస్థతో వాదిస్తూనే, వారానికి ఆ ఒక్క పీరియడ్‌ను కాపాడుకున్న టీచర్ ఆ పిల్లకే కాదు, తనకు తాను కూడా మేలు చేసుకున్నట్టే.