పదును ఎవరిది?

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. ఆ వరుసలో చెంపకో బ్లేడు అని కూడా చేర్చుకోవచ్చు. సబ్బు, కుంచె, రెండంచుల బ్లేడు పట్టే ఇనుప రేజరు వాడేవారిని ఇద్దరిని ఒకచోట కూర్చోబెట్టి, ఏ బ్లేడు మంచిదని అడిగి చూడండి. ఒకరి చెంపమీద వెన్నలా సాగినది రెండోవారికి రంపంలా తగులుతుంది. పొట్లం ఒకటే, కర్మాగారం ఒకటే, ఉక్కు ఒకటే. తీర్పులు మాత్రం ఒకటి తూర్పు, ఒకటి పడమర. ఇందులో ఎవరూ అబద్ధమాడటం లేదన్నదే విచిత్రం. ఆ విచిత్రానికి చరిత్రలో మూలం ఎక్కడుందో వెదకడమే ఈ టపా ఉద్దేశం.

వెదకడానికి కృష్ణాతీరపు ఇబ్రహీంపట్నాన్ని ఆధారంగా తీసుకుంటాను. రంగారెడ్డి జిల్లాలోనూ ఇదే పేరుగల ఊరుంది. నేను చెప్పేది విజయవాడకు ఎగువన, కొండపల్లికి ఆనుకుని, థర్మల్ విద్యుత్ కేంద్రం నీడన ఉన్న ఊరు. హైదరాబాదు నుంచి విజయవాడ మీదుగా బందరు పోయే దారి దీన్ని తాకుతూ పోతుంది. కొండపల్లి బొమ్మలు చేసేవారు తెల్లపొణికి కర్రనే ఎందుకు ఎంచుకున్నారో ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు: అది తేలిక, మెత్తన, ఉలి చెప్పినట్టు వింటుంది. అదే ఉలిని చేవదేరిన తుమ్మమీద పెడితే మొరాయిస్తుంది. పనిముట్టు గుణాన్ని తెంచేది పనిముట్టు ఒక్కటే కాదని ఆ వీధిలో అందరికీ తెలుసు. గడ్డం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ తెలివిడి మరుగున పడుతుంది.

కత్తుల విషయంలో పెద్దలు తగువులాడుకోవడం నిన్నమొన్నటి ముచ్చట కాదు. మన ‘ఉక్కు’ అన్న మాటే ఇంగ్లీషువారి నోట ‘వూట్జ్’ అయిందని పండితుల అభిప్రాయం. ఇనుమును బొగ్గు పదార్థంతో కలిపి మట్టిమూసలో బిగించి కాచి తీసే ఈ ఉక్కుకు దక్కను పుట్టినిల్లు. నిజామాబాదు జిల్లా కోనసముద్రానికి ఉక్కుముద్దలు కొనడానికి పారశీక వర్తకులు స్వయంగా వచ్చేవారు. పద్దెనిమిదో శతాబ్ది చివర బొంబాయి నుంచి ఈ ఉక్కు మచ్చులు లండను చేరాయి. జార్జ్ పియర్సన్ వాటిని పరిశీలించి 1795లో రాయల్ సొసైటీ పత్రికలో వ్యాసం ప్రకటించాడు. జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల పనివాడు సన్నని పదును కావలసిన పరికరాలకు దీన్ని మించినది లేదన్నాడు. అదే కాలంలో ఇతర కమ్మరులు కొందరు ఇది సుత్తి కింద పగిలిపోతుందని, పనికి లొంగదని పెదవి విరిచారు.

ఇద్దరూ నిజమే చెప్పారు. మూస ఉక్కులో కర్బనం దాదాపు ఒకటిన్నర శాతం ఉంటుంది. వేడి కాస్త మించినా అది సుత్తి దెబ్బకు పొడిపొడి అవుతుంది. ఆ వేడిని కనిపెట్టగల చేతిలో అది అపురూపమైన కత్తి. కనిపెట్టలేని చేతిలో పెళుసు ముద్ద. స్టోడార్టుతో కలిసి మైకేల్ ఫారడే ఈ ఉక్కు రహస్యం వెదుకుతూ 1820, 1822 సంవత్సరాల్లో వ్యాసాలు రాశాడు. ప్లాటినం, వెండి, రోడియం వంటి లోహాలను ఉక్కులో కలిపి చూశాడు. తన మిశ్రమ ఉక్కుతో చేయించిన రేజర్లను మిత్రులకు కానుకగా ఇచ్చాడు కూడా. విద్యుత్తుకు పునాదులు వేసిన మహానుభావుడు అంతకుముందు గడ్డం కత్తిలో తలదూర్చాడన్నమాట.

ఇక మన ఊళ్ళ సంగతి. తెలుగు పల్లెలో క్షౌరం నాయీబ్రాహ్మణుల వృత్తి. సన్నాయి, డోలు వారివే. పురిటి సేవలో ఆ ఇంటి స్త్రీలది పెద్ద చేయి. ఏడాది పొడవునా చేసిన పనికి పంట ఇంటికి వచ్చినప్పుడు ధాన్యం రూపంలో మేర కొలిచేవారు. శుభానికీ అశుభానికీ పిలిచి, మిగతా రోజుల్లో చులకనగా చూసిన సమాజం అది. ఆ కులాన్ని కించపరిచే పేర్లతో పిలవరాదని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది ఎప్పుడో కాదు, 2022లో.

ఆ చేతిలోని మడతకత్తిని చూడండి. దాని అంచు ఎప్పుడూ ఒక్కలా ఉండదు. సానరాయి మీద నూరి, తోలుపట్టె మీద లాగి, అరచేతిమీద ఒకసారి తిప్పి, తరువాతే చెంపమీద పెడతారు. ముందుగా నీళ్ళు రాసి, వేళ్ళతో చాలాసేపు మర్దించి వెంట్రుకను మెత్తబరుస్తారు. ముతక గడ్డం రైతుకు ఒక తీరు, నూనూగు మీసాల కుర్రవాడికి ఒక తీరు, ముడతలు పడ్డ ముసలివారికి ఇంకొక తీరు. చర్మాన్ని బొటనవేలితో ఎంత సాగదీయాలో, కత్తిని ఎంత వంచాలో, ఎక్కడ ఆగి మళ్ళీ తోలుకు పట్టించాలో ఆ చేయి ముఖాన్ని బట్టి నిర్ణయించుకుంటుంది. ఈ పద్ధతిలో కత్తిని గురించి తగువు పుట్టే వీలే లేదు. గీత పడితే పనివాడిని అంటారు; హాయిగా ఉంటే పనివాడినే మెచ్చుకుంటారు. ‘ఏ కంపెనీ కత్తి?’ అన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు. పదును పెట్టేదీ, గీసేదీ ఒకే చేయి కావడమే అందుకు కారణం.

ఈ రెండింటినీ విడదీసినవాడు అమెరికాలోని కింగ్ క్యాంప్ జిలెట్. నూరడం అనే పనినే లేకుండా చేయాలన్నది అతని ఆలోచన. పలుచని ఉక్కురేకుకు పదును పెట్టడం సాధ్యం కాదని లోహశాస్త్రం తెలిసినవారు అన్నారు. విలియం నికర్సన్ అనే ఇంజనీరు యంత్రాలు కనిపెట్టి సాధ్యం చేసి చూపాడు. 1901లో కంపెనీ ఏర్పడింది. 1903లో అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి ఏడాది రేజర్లు 90 వేలు దాటాయి. ఆ 1904 నవంబరులోనే పేటెంటు వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం ఒక్కొక్క సిపాయికి ఒక రేజరు ఇచ్చింది. ఇంటికి తిరిగి వచ్చినవాడు క్షౌరశాలకు పోవడం మానలేదు గానీ, రోజూ గడ్డం తానే గీసుకోవడం అలవాటు చేసుకున్నాడు.

దీనిలో జరిగిన అసలు మార్పు గమనించదగ్గది. పదును కర్మాగారంలోనే తేలిపోయింది. పొట్లం విప్పేవాడు దాన్ని మార్చలేడు. ముఖాన్ని బట్టి అంచు సవరించే పాత వెసులుబాటు పోయింది. ఇకమీద ముఖానికి తగిన బ్లేడును వెదుక్కోవలసిందే. మంచిచెడ్డల భారమంతా ఆ రేకు మీద పడింది. బ్లేడు తగువు పుట్టినది సరిగ్గా ఇక్కడే.

మన దేశంలో మొదట ఇంగ్లండునుంచి దిగుమతి అయిన బ్లేడ్లే పెద్దలకు అలవాటు. స్వాతంత్ర్యం వచ్చాక మల్హోత్రా కుటుంబపు సంస్థలు భారత్, పనామా, టోపాజ్ పేర్లతో దేశీయ బ్లేడ్లను మూలమూలలకూ చేర్చాయి. కిరాణా కొట్టులో అగ్గిపెట్టె పక్కన బ్లేడు పొట్లం చేరడం ఆ కాలపు పుణ్యమే. 1984లో ఇండియన్ షేవింగ్ ప్రొడక్ట్స్ ద్వారా జిలెట్ ఇక్కడ అడుగుపెట్టి, రాజస్థాన్‌లోని భివాడిలో తయారీ మొదలుపెట్టింది. ఈలోగా ఉక్కు కూడా మారింది. 1960ల తొలినాళ్ళలో విల్కిన్సన్ స్వోర్డ్ తుప్పుపట్టని ఉక్కు బ్లేడుతో దుమారం రేపింది; 1963లో జిలెట్ కూడా ఆ దారి పట్టింది. అంచు జారుడుగా సాగడానికి టెఫ్లాన్ జాతి పూత వచ్చింది. 1969లో ప్లాటినం కలిసిన పూత వచ్చింది. ఫారడే కరిగించి కలిపిన లోహం నూటయాభై ఏళ్ళకు పొట్లం మీది అక్షరాలుగా తిరిగివచ్చింది. పాత కర్బన ఉక్కు బ్లేడు రెండు రోజులకే తుప్పు పట్టినా మెత్తగా గీసేదని కొందరు, కొత్తవి వారం నిలుస్తాయని కొందరు. తగువు మరింత ముదిరింది.

మరి శాస్త్రం ఏమంటుంది? రెండంచుల బ్లేడు మందం మిల్లీమీటరులో పదోవంతు మాత్రమే. రేజరు దాన్ని ఎంత వంచి బిగిస్తుందో, అంచును ఎంత బయటకు చూపుతుందో, దాన్నిబట్టి ఒకే బ్లేడు సౌమ్యమూ కావచ్చు, కర్కశమూ కావచ్చు. 2020లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన పరిశోధకులు రొషోలీ, తాసాన్ తదితరులు ‘సైన్స్’ పత్రికలో ఒక వింత ప్రకటించారు. వెంట్రుక ఉక్కుకన్నా యాభై రెట్లు మెత్తన. అయినా బ్లేడు మొద్దుబారుతుంది. ఎలా? ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద చూస్తే అంచు సమంగా అరగడం లేదు. చిన్న పెచ్చులుగా ఊడుతోంది. అదీ అన్నివేళలా కాదు. బ్లేడు వెంట్రుకను ఏటవాలుగా తాకాలి. ఆ చోట ఉక్కు లోపలి అమరిక ఎగుడుదిగుడుగా ఉండాలి. వెంట్రుక ఒక పక్క సరిగ్గా ఆ బలహీనమైన చోట తగలాలి. మూడూ కలిస్తేనే పెచ్చు లేస్తుంది. వెంట్రుక మొలిచే తీరు, చేయి వంచే కోణం మనిషికొక రకం కనుక, ఒకే పొట్లంలోని బ్లేడ్లు ఒకరి దగ్గర పది రోజులు, మరొకరి దగ్గర మూడు రోజులు నిలవడంలో ఆశ్చర్యం లేదు.

మూడో సంగతి నీరు. నానిన వెంట్రుక ఉబ్బి మెత్తబడి సులువుగా తెగుతుంది. కఠినజలంలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బును విరగ్గొడతాయి. నురగకు బదులు తెట్టు మిగులుతుంది. 1855లో పూర్తయిన కృష్ణ ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజి డెల్టా పల్లెలకు కాలువనీటిని ఇచ్చాయి. బ్యారేజికి ఎగువన ఉన్న ఇబ్రహీంపట్నానికి ఆ కాలువలు లేవు. ఏటినీటితో గీసుకునేవాడు, బోరునీటితో గీసుకునేవాడు, సముద్రం దరిదాపుల ఉప్పుబావి నీటితో గీసుకునేవాడు ఒకే బ్లేడును మూడు విధాలుగా తిట్టడమో, పొగడడమో చేస్తారు.

నీటిని మరిచిపోతే ఎంత పెద్ద సంస్థకైనా దెబ్బే. 2000ల తొలినాళ్ళలో జిలెట్ భారతీయుల కోసం ఒక రేజరు తయారుచేసి, దాన్ని అమెరికాలో చదువుకుంటున్న భారతీయ విద్యార్థుల చేత వాడించి చూసింది. వారంతా భేష్ అన్నారు. ఇక్కడికి వచ్చేసరికి అది చతికిలపడింది. ఆ విద్యార్థులకు కుళాయి తిప్పితే ధారగా నీళ్ళు. ఇక్కడ చాలామంది ముందున్నది ఒక చెంబెడు నీళ్ళు. బ్లేడులో ఇరుక్కున్న వెంట్రుకలు ఆ చెంబులో వదల్లేదు. అదే జాతి ముఖాలు, అదే గడ్డాలు. నీరు మారేసరికి తీర్పు తిరగబడింది. సంస్థవారు ఇళ్ళకు వచ్చి కూర్చుని చూసి నేర్చుకున్నాక 2010లో పదిహేను రూపాయల కొత్త రేజరు తెచ్చారు.

ఇక చివరి సాక్ష్యం క్షౌరశాలదే. 1986లో మద్రాసులో హెచ్.ఐ.వి. తొలిసారి బయటపడిన తరువాతి దశాబ్దాల్లో, ఒకే కత్తితో అందరికీ గీయడం మీద భయం పుట్టింది. మడతకత్తి పోయి, కత్తిలాంటి పిడిలో సగానికి విరిచిన బ్లేడు వచ్చింది. తిరుమల కల్యాణకట్టలో భక్తుడి చేతికి టోకెనుతో పాటు సగం బ్లేడు ఇస్తారు. వేలాది తలలు, వేలాది రకాల జుట్టు. ‘నాకు ఈ బ్లేడు పడదు’ అని వెనుదిరిగినవారిని ఎవరూ చూసి ఉండరు. ఇబ్రహీంపట్నం సెంటరులోని క్షౌరశాలలోనూ అంతే. చవక బ్లేడు సగం ముక్కతో లారీ డ్రైవరుకూ, పెళ్ళికొడుకుకూ గాటు పడకుండా గీసి పంపుతారు. అక్కడ బ్లేడు ఎవరి ఊహలోనూ ఉండదు. ఇంట్లో అద్దం ముందు మనకు ఆ చేయి లేదు కనుక బ్లేడు పేరు పట్టుకుని వాదిస్తున్నాం. ఆడలేక మద్దెల ఓడు అనడం కొంత, మన ముఖానికి తగినదాన్ని మనమే నిజంగా వెదుక్కోవలసి రావడం కొంత. రెండింటి పాళ్ళు తెలియాలంటే రేజరు, సబ్బు, నీరు మార్చకుండా ఒక్క బ్లేడు మాత్రమే మార్చి వారమన్నా చూడాలి. వాదించేవారిలో ఆ ఓపిక ఎందరికుందో!

ఈ మార్పులో నష్టపోయినది ఎవరో కూడా చెప్పుకోవాలి. పదును పెట్టే విద్య నాయీబ్రాహ్మణుల చేతినుంచి జారిపోయింది. చేతినేర్పు మిగిలింది గానీ దానికి ధర కట్టడం మనకు ఇంకా రాలేదు. పొట్లానికి ఎంత పెట్టామో లెక్క చెప్పగలం, ఆ చేతికి ఎంత ఇచ్చామో గుర్తుండదు. విద్యతోపాటు మాటలు కూడా పోతున్నాయి. సానరాళ్ళలో రకాలకు, తోలుపట్టెకు, పొదిలోని ఒక్కొక్క పనిముట్టుకు ఊరూరా వేరు వేరు పేర్లు ఉండేవి. వాటిని పలికిన తరం ఇంకా మన మధ్య ఉంది. మీ ఊళ్ళో పాత క్షౌరశాలలో పెద్దాయన ఉంటే, ఈసారి మంగళవారం సెలవునాడు తీరిగ్గా కూర్చుని అడిగి రాసుకోండి. అలా చేరిన మాటలను మీమీ పుటల్లో ప్రకటిస్తే, ఏ బ్లేడు గొప్పదన్న వాదన తేలకపోయినా మన భాషకు కొంత మేలు జరుగుతుంది.