చెరువు ఎవరిది? దశబంధం నుంచి శ్రమదానం దాకా

ఆదివారం పొద్దున్నే నలుగురు యువకులు ఏ నది ఒడ్డునో, ఏ చెరువు గట్టునో చేరి, చేతులకు తొడుగులు వేసుకొని ప్లాస్టిక్ సంచులనూ గుర్రపుడెక్కనూ లాగి గట్టున పోయడం ఇవాళ మనకు పరిచితమైన దృశ్యమే. దీనిని శ్రమదానం అంటున్నాము. మంచి మాట. కాని నెల తిరిగేసరికి ఆ చెత్త మళ్ళీ అక్కడే కనబడుతుంది. అప్పుడు ఎవరో ఒక పెద్దాయన నిట్టూర్చి, "మా తాతల కాలంలో ఊరు ఊరంతా కదిలి చెరువు బాగు చేసుకునేది" అంటారు. ఆ మాటలో నిజమెంత? ఈ ప్రశ్నే నన్ను పాత శాసనాల వైపు నడిపించింది.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం క్రీ.శ. 1369 నాటిది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరిని పాలించిన భాస్కరుడు (భవదూరుడు) ఆ చెరువును తవ్వించాడు. వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలే నూరు బండ్లు రెండేళ్ళు పనిచేస్తే అది పూర్తయిందని శాసనం చెబుతున్నది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ కూడా అది లెక్కపెట్టింది. కట్టనుంచి నీరు ఊరడం ఒక దోషం. నీరు తక్కువై పారవలసిన పొలం ఎక్కువ కావడం మరొకటి. అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది, రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండటం కూడా దోషమేననడం. ఇద్దరిదైన చెరువును ఎవరూ పట్టించుకోరన్న అనుభవం ఆ మాట వెనుక ఉన్నదనుకుంటాను.

తవ్వించడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం ఒక ఎత్తు. దానికి మనవాళ్ళు కనిపెట్టిన ఉపాయం దశబంధం. చెరువును కట్టించినవాడికో, బాగు చేయించినవాడికో ఆ ఆయకట్టులో కొంత భూమినో, ఫలసాయంలో ఒక భాగాన్నో ఇనాముగా ఇచ్చేవారు. పదవ వంతు అన్న అర్థం ఆ పేరులోనే ఉన్నది. ప్రతిఫలంగా అతడూ, అతని తరువాత అతని వారసులూ కట్టనూ తూమునూ అలుగునూ చూసుకోవాలి. తూము ఎత్తి దించే నీరటికాడికి కూడా గ్రామమే మాన్యమో మేరో ఇచ్చేది. ఎండాకాలంలో చెరువు ఎండితే రైతులు అడుగున చేరిన ఒండుమట్టిని బండ్లకెత్తి తమ పొలాలకు తోలుకునేవారు. పొలానికి ఎరువు, చెరువుకు లోతు. ఇందులో త్యాగం కన్నా లెక్కే ఎక్కువ. అందుకే అది అంతకాలం నిలిచింది.

అలాగని ఆ కాలాన్ని స్వర్ణయుగమని కీర్తించలేను. తట్టలు మోసినవారందరూ నీటిలో వాటా ఉన్నవారు కారు. సెంటు భూమి లేని కులాలవారి చేత వెట్టిగా మట్టి మోయించిన ఊళ్ళూ ఉన్నాయి. ఊరంతా కదిలిందనే ముందు, ఊరిలో ఎవరు కదిలారో, ఎవరు గట్టున నిలబడి చూశారో అడగక తప్పదు.

ఆంగ్లేయుల కాలంలో పెద్ద మరమ్మతులు సర్కారు వంతు అయ్యాయి, చిన్న చిన్న పనులు రైతుల మీద ఆచారంగా మిగిలాయి. మద్రాసు రాజధానిలో దీనినే కుడిమరామత్తు అన్నారు. 1858లో ఈ ఆచారానికి చట్టం వచ్చింది. ఆచారం ప్రకారం చేయవలసిన పని చేయనివాడు దాని విలువకు రెట్టింపు చెల్లించాలన్నది అందులోని నిబంధన. గండి పడే ప్రమాదం వస్తే చుట్టుపక్కల కూలివర్గాల పురుషులను బలవంతంగానైనా పనిలో దించవచ్చునన్నది మరొకటి. ఆచారం సవ్యంగా నడుస్తూ ఉంటే ఇటువంటి చట్టంతో పని ఏముంటుంది? పెత్తనం కచేరీకి పోయి, బాధ్యత మాత్రమే ఊరికి మిగిలినప్పుడు సహకారం కాస్తా శిక్షగా మారింది. 1876-78 కరవు తరువాత, 1883లో మద్రాసు ప్రభుత్వం చెరువుల పునరుద్ధరణ పథకం మొదలుపెట్టింది.

మన కాలంలోనూ ఆ తెగిన ముడిని మళ్ళీ వేయాలన్న ప్రయత్నాలు జరిగాయి. 1997లో నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం చేసి నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచింది. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు, తీసిన పూడికమట్టిని రైతులు తమ ఖర్చుతో పొలాలకు తోలుకున్నారు. పేరు కొత్తదే గాని లెక్క పాతదే.

ఆదివారం గట్టుకు వచ్చే యువకులను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. వారు మోసే తట్టలో ఎవరి బలవంతమూ లేదు, ఎవరి కులమూ లేదు. మన పాత ఏర్పాటుకు లేని గొప్పతనం అది. అయితే పాత ఏర్పాటులో ఉన్నదొకటి వారికి లేదు. ఆ నీటి మీద వారికి మాట చెల్లదు. పైనుంచి మురుగు వదిలేవాడిని ఆపే అధికారం చెత్త ఎత్తేవాడికి లేకపోతే, ఎత్తడానికి ఆదివారాలు చాలవు. దశబంధం నాటి హక్కునూ, శ్రమదానం నాటి స్వేచ్ఛనూ ఒక్కచోట చేర్చే ఉపాయం మనకింకా చిక్కలేదు. అది చిక్కేదాకా చెరువు ఎవరిదన్న ప్రశ్న గట్టు మీదే నిలబడి ఉంటుంది.