దూరం తెలిసిన గుండు

1898 జూలై 1. క్యూబాలో శాంటియాగో పట్టణం వెలుపల శాన్ హువాన్ గుట్టల మీద కొన్ని వందల మంది స్పెయిన్ సైనికులు కందకాల్లో కాచుకుని ఉన్నారు. కింద ఎత్తుగా పెరిగిన గడ్డిలోంచి అమెరికన్లు వేల సంఖ్యలో పైకి వస్తున్నారు. మీద నుంచి గుళ్లు దూసుకొస్తున్నాయి గానీ పేల్చేదెవరో, ఎక్కడి నుంచో కనిపించదు. పొగ లేదు. అమెరికా వైపు కొన్ని స్వచ్ఛంద దళాల చేతుల్లో మాత్రం ఇంకా పాత నల్ల తుపాకీమందు వాడే రైఫిళ్లే ఉన్నాయి. ఒక్కసారి పేలిస్తే చాలు, తెల్లటి పొగ లేచి వాళ్లున్న చోటు పట్టించేది. సాయంత్రానికి గుట్టలు అమెరికా వశమయ్యాయి. అప్పటికే ఆ సైన్యంలో చనిపోయినవాళ్లూ గాయపడినవాళ్లూ వెయ్యి దాటారు.

స్పెయిన్ సైనికుల చేతిలో ఉన్నది 1893 నమూనా మౌజర్ రైఫిల్. దాని తూటా పేరు 7×57. గుండు మందం ఏడు మిల్లీమీటర్లు, మందు నింపిన ఇత్తడి తొడుగు పొడవు 57 మిల్లీమీటర్లు. యుద్ధం కోసం పుట్టిన ఈ తూటా తరువాతి కాలంలో వేటగాళ్ల చేతుల్లో బతికింది. దూరం నుంచి వేటాడటానికి మధ్యరకం రైఫిల్‌లో ఏ గుండు వేయాలన్న ప్రశ్నకు నూట ముప్పై ఏళ్లుగా వస్తున్న జవాబులన్నీ దీని చుట్టూనే తిరిగాయి.

ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పాల్ వియెయ్ 1884లో పొగలేని మందు తయారుచేశాడు. రెండేళ్లకే ఫ్రాన్స్ ఆ మందుతో 8 మిల్లీమీటర్ల లెబెల్ రైఫిల్‌ను సైన్యానికి ఇచ్చింది. అంతకు ముందు సైన్యాలు వాడినవి 11 మిల్లీమీటర్ల లావుపాటి సీసపు గుళ్లు. నల్ల తుపాకీమందుతో వేగం ఒక హద్దు దాటదు కాబట్టి దెబ్బకు బలం కావాలంటే గుండును లావు చేయడమే మార్గం. కొత్త మందు ఆ హద్దును చెరిపేసింది. అయితే ఆ వేగానికి వట్టి సీసం గొట్టంలోని మెలి గాడులను పట్టుకోలేక జారిపోతుంది. అందుకని సీసం మీద గట్టి లోహపు తొడుగు వేశారు. గుండు సన్నబడింది, పొడుగైంది.

స్పెయిన్ సైనికుల రైఫిల్‌ను రూపొందించిన పాల్ మౌజర్ చేసిన గుండు బరువు 11.2 గ్రాములు, వేగం సెకనుకు 700 మీటర్లు. మొన గుండ్రంగా, ఒళ్లు పొడుగ్గా, అరిగిపోయిన పెన్సిల్ ముక్కలా ఉండేది. దాని బలం ఆ పొడుగులోనే ఉంది. గాలి అడ్డుకునేది గుండు ముఖాన్ని. ముందుకు తోసుకుపోయేది దాని బరువు. ముఖం చిన్నదై బరువు ఎక్కువైతే వేగం నెమ్మదిగా తగ్గుతుంది, కండలోకి లోతుగా దిగుతుంది. తూటాల శాస్త్రం ఈ నిష్పత్తిని పౌండ్లలో బరువును అంగుళాల్లో మందపు వర్గంతో భాగించి కొలుస్తుంది. మౌజర్ గుండుకు అది 0.31 దగ్గర వస్తుంది. అమెరికాలో ఇంటింటా కనిపించే .30 కాలిబర్ 9.7 గ్రాముల గుండుకు 0.226 మాత్రమే. ఈ రెండు అంకెల మధ్య తేడా తెలిస్తే మిగతా కథంతా అర్థమవుతుంది.

శాన్ హువాన్ జరిగిన మరుసటి ఏడాదే దక్షిణాఫ్రికాలో బోయర్ రైతులు అదే తూటాతో బ్రిటిష్ సైన్యాన్ని నిలువరించారు. 1899 డిసెంబరులో మాగర్స్‌ఫాంటైన్, కొలెన్సో ఓటములు లండన్‌ను కుదిపేశాయి. బోయర్లు చిన్ననాటి నుంచి మైదానాల్లో జింకలను వేటాడినవాళ్లు. దూరాన్ని కంటితో కొలవడం వాళ్లకు కొత్తగా నేర్పాల్సిన పని కాదు.

ఈ తూటాను వేట ప్రపంచానికి చేర్చినవాళ్లలో నాకు అందరికన్నా ఇష్టమైన మనిషి జాన్ రిగ్బీ. డబ్లిన్ తుపాకుల కుటుంబంలో 1829లో పుట్టాడు. తుపాకీ తయారుచేయడమే కాదు, గురి కూడా గొప్పగా పెట్టేవాడు. 1874 సెప్టెంబరులో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లోని క్రీడ్‌మూర్ మైదానంలో ఐర్లాండ్, అమెరికా జట్లకు 800, 900, 1000 గజాల దూరాల మీద పోటీ జరిగింది. ఐరిష్ జట్టు పేల్చినవి రిగ్బీ చేసిన రైఫిళ్లే, మూతి నుంచి మందు దట్టించేవి. రిగ్బీ స్వయంగా ఆ జట్టులో ఉన్నాడు. అమెరికన్ల చేతిలో వెనక నుంచి తూటా వేసే రెమింగ్టన్, షార్ప్స్ రైఫిళ్లున్నాయి. ఐరిష్ ఆటగాడు మిల్నర్ 900 గజాల దగ్గర సరిగ్గా నడిబొడ్డున కొట్టాడు, కాకపోతే పక్క బోర్డు మీద! ఆఖరి గుండు అమెరికన్ జాన్ బోడైన్‌ది. సీసా పగిలి చేయి తెగి నెత్తురు కారుతుంటే రుమాలు చుట్టుకుని పడుకుని పేల్చాడు. 934-931తో అమెరికా గెలిచింది.

ఆ తరువాత రిగ్బీ ఎన్‌ఫీల్డ్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారానికి సూపరింటెండెంట్ అయ్యాడు. .303 రైఫిల్ బ్రిటిష్ సైన్యంలోకి వచ్చింది ఆయన హయాంలోనే. పదవి నుంచి దిగాక సొంత కంపెనీ తరఫున మౌజర్ యంత్రాంగంతో వేట రైఫిళ్లు కట్టించి, 7×57కు అంగుళాల లెక్కలో .275 రిగ్బీ అని పేరు పెట్టి అమ్మాడు. అలాంటి ఒక రైఫిల్‌నే 1907లో యునైటెడ్ ప్రావిన్సెస్ లెఫ్టినెంట్ గవర్నర్ సర్ జాన్ హ్యూయెట్, చంపావత్ ఆడపులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కు బహూకరించాడు. 436 మందిని పొట్టన పెట్టుకున్న పులి అది. ఆఫ్రికాలో స్కాట్లండ్‌కు చెందిన డబ్ల్యూ.డి.ఎం. బెల్ వెయ్యికి పైగా ఏనుగులను చంపాడు. వాటిలో ఎక్కువ భాగం ఈ సన్నటి గుండుకే పడ్డాయి. ఏనుగు పుర్రెలను కోసి మెదడు ఏ కోణం నుంచి ఎక్కడ ఉంటుందో చూసి నేర్చుకున్నాడు. అన్ని ఏనుగుల ప్రాణాలు పోవడం ఇవాళ తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. కానీ ఆయన చూపించిన విషయం మాత్రం నిజం: పొడుగైన బరువు గుండు నిటారుగా పోతుంది, లోపలిదాకా పోతుంది.

కార్బెట్ గానీ బెల్ గానీ దూరం నుంచి కాల్చే మనుషులు కారు. అడవిలో అంత దూరం చూపే ఆనదు. హైదరాబాద్ బొల్లారంలో పుట్టి, చిత్తూరు జిల్లా చామల లోయలో పులుల వెంట తిరిగిన కెన్నెత్ ఆండర్సన్ ఏరుకున్నది .405 వించెస్టర్. 19 గ్రాములు దాటే మొద్దు మొన గుండు అది. పొదల మధ్య నలభై, యాభై గజాల్లో దానికి తిరుగులేదు. మూడు వందల గజాల అవతల అదే గుండు గాలికి ఓడి కిందికి వంగిపోతుంది. మన అడవులు అడిగింది ఒకటి, మంగోలియా నుంచి అలాస్కా దాకా పరుచుకున్న బోడి కొండలు అడిగింది మరొకటి.

ఆ బోడి కొండలకు దారి తీసింది మొన మార్పు. 1898లో ఫ్రాన్స్ లెబెల్ గుండుకు వాడి మొన పెట్టి, వెనక భాగాన్ని పడవ తోకలా సన్నగా చెక్కింది. 1905 నాటికి జర్మనీ తన 14.7 గ్రాముల గుండ్రటి మొన గుండును పక్కన పెట్టి 10 గ్రాముల వాడి గుండు తెచ్చింది. వేగం సెకనుకు దాదాపు 880 మీటర్లకు చేరింది. 1906లో అమెరికా అదే దారి పట్టి, 14.3 గ్రాముల గుండును 9.7 గ్రాములకు తగ్గించి .30-06 తూటా తయారుచేసింది. వాడి మొన వల్ల గాలి ఒత్తిడి తగ్గిన మాట నిజమే. అయితే అందరూ ఒక్క తొందరలో మొన మార్చడంతో పాటు బరువు కూడా కోసేశారు. వేగం అంకెలు చూడ్డానికి గొప్పగా ఉన్నాయి. ఒక శతాబ్దం పాటు వేటగాళ్లు ఆ అంకెల వెంటే నడిచారు.

1925లో వచ్చిన .270 వించెస్టర్ ఆ ఒరవడికి శిఖరం. 8.4 గ్రాముల గుండు, సెకనుకు 950 మీటర్ల పైచిలుకు వేగం. అరిజోనాలో పుట్టిన జాక్ ఓకానర్ ‘ఔట్‌డోర్ లైఫ్’ పత్రికలో దశాబ్దాల తరబడి దాని గుణం చెప్పాడు. కొండగొర్రెల వేటలో ఆయన మాటే శాసనం. మూడు వందల గజాల లోపు గురి పెద్దగా ఎత్తకుండానే కొట్టగలిగే తూటా అది, దాని మీద వచ్చిన ప్రేమను తప్పు పట్టలేం. విశేషమేమిటంటే ఓకానర్ భార్య ఎలియనార్ వేటకు పట్టుకెళ్లింది 7×57. భుజానికి తక్కువ తన్నే రైఫిల్‌తో ఆవిడ గురి తప్పేది కాదు.

వేగం పెరిగేకొద్దీ ఇంకో చిక్కు బయటపడింది. దగ్గర్లో ఉన్న జంతువుకు మరీ వేగంగా తగిలిన మెత్తటి గుండు ఎముక చేరకముందే చితికిపోయేది. 1946లో కెనడా బ్రిటిష్ కొలంబియాలో బురద పూసుకున్న మూస్ దుప్పి మీద జాన్ నోస్లర్ అనే వేటగాడు పేల్చిన గుళ్లు అలాగే పైపైన చిట్లిపోయాయి. గాయపడి నిలబడి ఉన్న ఆ జంతువును చూసి తిరిగొచ్చిన నోస్లర్, మధ్యలో అడ్డుగోడ ఉన్న గుండు చేశాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం గట్టిగా నిలిచి లోపలికి దిగుతుంది. వేట గుండు చరిత్రలో దీనికి సాటి వచ్చే మెరుగు నాకు కనపడదు. జంతువు తొందరగా చనిపోవాలన్న ఆరాటంతో పుట్టిన పనితనం అది.

ఇక గాలి. దూరం పెరిగేకొద్దీ గుండు కిందికి ఎంత వాలుతుందన్నది లెక్కతో తేలిపోతుంది. దూరం కొలిచే పరికరం వచ్చాక అది పెద్ద సమస్యే కాదు. పక్క నుంచి వీచే గాలిని కొలిచే పరికరం మాత్రం ఆ లోయ మొత్తం మీద పెట్టలేం. గాలి గుండును ఎంత పక్కకు నెడుతుందన్నది ప్రయాణానికి పట్టిన సమయం మీద కాదు, గాలి అడ్డం లేకపోతే పట్టే సమయం కన్నా ఎంత ఆలస్యమైందన్న దాని మీద ఆధారపడుతుంది. మొదట్లో వేగంగా బయల్దేరిన తేలిక గుండు తొందరగా నీరసించి ఆ ఆలస్యాన్ని పెంచుకుంటుంది. గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలిలో 500 గజాల దగ్గర 6.5 మిల్లీమీటర్ల పొడుగు వాడి గుండు సుమారు 40 సెంటీమీటర్లు పక్కకు పోతే, దానికన్నా వేగంగా బయల్దేరిన .30-06లోని 9.7 గ్రాముల మామూలు గుండు దాదాపు రెట్టింపు పోతుంది. దుప్పి ఊపిరితిత్తుల చోటు వెడల్పుతో పోల్చుకుంటే ఈ తేడా ప్రాణానికీ గాయానికీ మధ్య తేడా.

ఈ సంగతి పాత సైనిక తూటాలకు పుట్టుకతోనే తెలుసు. 1894 నాటి స్వీడన్, నార్వేల 6.5×55 రైఫిల్ గొట్టంలో గాడులు 200 మిల్లీమీటర్లకు ఒక చుట్టు తిరుగుతాయి. మౌజర్ ఏడుకు 220. గుండు ఎంత పొడుగైతే అది తలకిందులు కాకుండా అంత వేగంగా బొంగరం తిరగాలి. .270 గొట్టంలో ఒక చుట్టుకు 254 మిల్లీమీటర్లు పెట్టారు. దాంతో మరీ పొడుగాటి గుండు అందులో నిలవదు. తూటాలో శక్తి లేక కాదు, మెలి చాలక. స్కాండినేవియాలో మూస్ దుప్పిని వేటాడేవాళ్లు మాత్రం అమెరికా మోజులు పట్టించుకోకుండా తమ 6.5తోనే ఉండిపోయారు.

2007లో తూటాలు తయారుచేసే హార్నడీ కంపెనీ ఆ పాత తెలివికి కొత్త ఇత్తడి తొడిగింది. ఆ సంస్థ శాస్త్రవేత్త డేవ్ ఎమరీ, పోటీల్లో ఆరితేరిన డెనిస్ డిమిల్ కలిసి తీర్చిన 6.5 క్రీడ్‌మూర్ అది. ఐరిష్ జట్టు ఓడిన మైదానం పేరే దానికీ దక్కింది. పొట్టి తొడుగు, పొడుగు గుండు, తగిన మెలి, భుజానికి మెత్తని తన్ను. వేగం అంకెల్లో గొప్పలేమీ లేవు. డాప్లర్ రాడార్‌తో గుండును దారి పొడుగునా వెంబడించి చూస్తే, ప్లాస్టిక్ మొనలు గాలి రాపిడి వేడికి మెత్తబడి రూపు కోల్పోతున్నాయని 2015 ప్రాంతంలో అదే కంపెనీ కనిపెట్టి, వేడికి ఆగే మొనలు పెట్టింది. 2022లో ఏడు మిల్లీమీటర్ల తూటా 7 పీఆర్‌సీ వచ్చింది. దాని ముఖ్యమైన గుండు బరువు 11.3 గ్రాములు. పాల్ మౌజర్ గుండుకు ఇవతలో అవతలో ఒక పిసరు!

అందుకే తూటాను ఎంచుకునే ముందు గుండును ఎంచుకోవాలంటాను. జింక, దుప్పి స్థాయి జంతువుకు 6.5లో 9 గ్రాముల పైబడిన గుండో, ఏడులో 10 గ్రాముల పైబడినదో ముందు నిర్ణయించుకుని, దాన్ని నిలబెట్టే మెలి, భుజం ఓర్చుకునే తూటా తరువాత వెతుక్కోవాలి. తన్నుకు భయపడి కళ్లు మూసుకునే వేటగాడికి మందు ఎక్కువ దట్టించిన మాగ్నమ్ తూటా ఎందుకు? తరువాత ఆ గుండు ఏ వేగం దాకా విచ్చుకుంటుందో చూడాలి. చాలా సీసపు గుళ్లకు అది సెకనుకు 550 మీటర్ల చుట్టుపక్కల. 6.5 క్రీడ్‌మూర్‌లో 9.3 గ్రాముల గుండు వేగం 600, 700 గజాల మధ్య ఎక్కడో అక్కడికి పడిపోతుంది. అంత దూరం కొట్టవచ్చని దీని అర్థం కాదు. 500 గజాలకే గుండు ప్రయాణం సెకనులో మూడింట రెండు వంతులు. మేస్తున్న జింక ఆ లోపు ఒక అడుగు వేయగలదు, ఆ అడుగును ఏ లెక్కా ముందుగా చెప్పలేదు. బోర్డు మీద వెయ్యి గజాలు కొట్టే మనిషి కూడా బతికి ఉన్న జంతువు దగ్గర అందులో సగం దూరానికే ఆగాలి. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

ఇప్పుడు వస్తున్న మార్పు లోహంలో. వేటగాళ్లు వదిలేసిన పేగుల్లోని సీసపు తునకలు తిని కాండర్ రాబందులు చనిపోతున్నాయని కాలిఫోర్నియా 2019 జూలై 1 నుంచి రాష్ట్రమంతటా వేటలో సీసాన్ని నిషేధించింది. దాని స్థానంలో రాగి వచ్చింది. రాగి సీసం కన్నా తేలిక కాబట్టి అదే బరువుకు గుండు ఇంకా పొడుగవుతుంది, ఇంకా ఎక్కువ మెలి అడుగుతుంది. విచ్చుకోవడానికి సాధారణంగా ఎక్కువ వేగమూ అడుగుతుంది. సీసపు గుండుతో తన హద్దు ఎంతో తేల్చుకుని ఉన్న వేటగాడు, అదే తుపాకీలో రాగి గుండు వేసిన రోజున ఆ హద్దును దగ్గరికి జరుపుకుని లెక్క మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి.