మూడు చక్రాల బండి: ఫక్క రోగం, సెరిబ్రల్ పాల్సీ

సంవత్సరం నిండినా నడవలేని శిశువును కాశ్యప సంహిత ‘ఫక్క’ అని పేర్కొన్నది. ఆయుర్వేదంలోని అష్టాంగాలలో ఒకటైన కౌమారభృత్యానికి, అనగా శిశువైద్యానికి, ఇది ప్రధాన గ్రంథం. నేపాల్‌లో లభించిన అసంపూర్ణమైన తాళపత్ర ప్రతి ఆధారంగా, రాజగురువు హేమరాజ శర్మ రచించిన విపులమైన పీఠికతో 1938లో అచ్చయింది.

ఫక్క రోగం మూడు విధాలని ఆ గ్రంథం చెబుతుంది. తల్లిపాల దోషం వలన కలిగేది క్షీరజం. పాలిచ్చే తల్లి మరల గర్భవతి కాగా, పాలు చాలక బిడ్డ క్షీణించడం గర్భజం. జ్వరాది వ్యాధులతో కండ కరిగి, బలం తగ్గడం వ్యాధిజం. చికిత్సలో ఔషధాలతో పాకం చేసిన నేయి, తైలమర్దనంతో పాటు ఒక విశేషం ఉన్నది: నడక అభ్యసించడానికి మూడు చక్రాల బండి. మన ఇళ్లలోని కొయ్య నడకబండికి అది పూర్వరూపం వంటిది. మందుతో పాటు అభ్యాసమూ అవసరమని ఆనాటి వైద్యులు గ్రహించారు.

అయితే ఫక్క రోగమే సెరిబ్రల్ పాల్సీ అనడం సరికాదు. కృశించిన తొడలు, పెరిగిన పొట్ట వంటి వర్ణనలు పోషకాహార లోపాన్నే ఎక్కువగా స్ఫురింపజేస్తాయి. సెరిబ్రల్ పాల్సీ ఎదుగుతున్న మెదడుకు కలిగిన హాని. ఈ పిల్లల అవయవాలు బిగుసుకొనిపోవడానికి కష్టప్రసవం, నెలలు నిండని కాన్పు కారణాలని లండన్ వైద్యుడు విలియం జాన్ లిటిల్ 1861లో ప్రతిపాదించాడు. లోపం గర్భంలోనే ఏర్పడి ఉండవచ్చునని, కష్టప్రసవం దాని ఫలితమే కావచ్చునని 1897లో సిగ్మండ్ ఫ్రాయిడ్ వాదించాడు.

నేటి ఆయుర్వేద వైద్యులు ఈ పిల్లలకు అభ్యంగం, పాలలో ఉడికించిన నవర బియ్యపు మూటలతో కాపడం, వస్తికర్మ చేస్తున్నారు. వీటిపై జరిగిన పరిశోధనలు చిన్నవి. మృదువైన మర్దనం బిడ్డకు హాయినివ్వవచ్చు. మెదడుకు కలిగిన హానిని మాన్పగల చికిత్స మాత్రం ఏ వైద్యవిధానంలోనూ లేదు. లోపలికి ఇచ్చే మందుల విషయంలో జాగ్రత్త అవసరం. 2004లో ప్రచురితమైన పరిశోధనలో, అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాల నుండి సేకరించిన 70 ఆయుర్వేద ఔషధాలను పరీక్షించగా, 14 ఔషధాలలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటైనా బయటపడింది. సీసం పసి మెదడుకు విషం.

కనుక తల్లిదండ్రులు ఫిజియోథెరపీని ఆలస్యం చేయరాదు. మూర్ఛ మందులను సొంతంగా ఆపరాదు. భస్మాలు కలిసిన మందులను వైద్యుని సలహా లేక పిల్లలకు ఇవ్వరాదు. కాశ్యప సంహిత నుండి మనం తప్పక స్వీకరించవలసినది ఆ బండి బోధించే పాఠం: బిడ్డ చేత ప్రతిదినం అభ్యాసం చేయించడం.