నిప్పు తీరు, ఆర్పే తీరు: దామరచర్ల నేపథ్యంలో ఒక పరిశీలన

తెలుగు పలుకుబడిలో నిప్పుకు విరుగుడు నీరే. ఇల్లు కాలుతుండగా బావి తవ్వడమనే సామెత పూరింటి అనుభవం నుండి పుట్టింది. గడ్డికి, వాసానికి అంటుకొన్న మంటను నీరు చల్లార్చగలదు. అయితే అగ్నికి ఆజ్యం పోయడమనే జాతీయం ద్రవ ఇంధన స్వభావాన్ని కూడా ఎరిగినదే. విద్యుత్తు, సహజవాయువు వచ్చిన తరువాతి నిప్పులకు మాత్రం సామెతలు లేవు.

కృష్ణా మూసీ నదుల సంగమమైన వాడపల్లి దామరచర్ల మండలంలోనిది. 2015 జూన్ 8న ఇదే మండలంలోని వీర్లపాలెం వద్ద 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. ఇటువంటి కేంద్రంలో బొగ్గు గుట్టలు, ఇంధన నూనె, ట్రాన్స్‌ఫార్మర్లు ఒకే ప్రాంగణంలో ఉంటాయి. పెద్ద జనరేటర్లను చల్లబరచడానికి సాధారణంగా హైడ్రోజన్ వాయువును వాడతారు. కృష్ణ చెంతనే ఉన్నంత మాత్రాన ఈ నిప్పులన్నీ ఆరవు.

నిల్వ బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తనంతట తానే వేడెక్కుతుంది. పైన చల్లిన నీరు లోపలి నిప్పును చేరదు; బాగా కాలిన బొగ్గుపై పడితే హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ వెలువడతాయి. అందుకే గుట్టను అదిమి గాలి చొరకుండా చేయడం, వేడెక్కిన భాగాన్ని విడదీసి పరచి చల్లార్చడం ప్రధానం. సింగరేణి భూగర్భ గనులలో గోడ కట్టి మూయడం, ఇసుకతో పూడ్చడం ఈ సూత్రానికి చెందినవే.

విద్యుత్ నిప్పు గుణపాఠం మరింత కఠినమైనది. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్కేంద్రంలో మంటలు చెలరేగి తొమ్మిదిమంది మరణించారు. నదీజలంతో నడిచే కేంద్రమది. అయినా చుట్టూ ఉన్న నీరు అక్కరకు రాలేదు. ప్రవాహం నిలిపివేయనిదే విద్యుత్ పరికరంపై నీటిధార పోయడం ఆర్పేవానికే ప్రాణాపాయం. ముందుగా సరఫరాను తెంచాలి. ఆపైన కార్బన్ డయాక్సైడ్ గాని, పొడి రసాయనం గాని వాడాలి. మూసిన స్థలంలో కార్బన్ డయాక్సైడ్ మనిషికి కూడా ఊపిరాడనివ్వదన్నది మరువరాదు. శ్రీశైలంలో సొరంగమంతా కమ్మిన పొగ రక్షక బృందాలనే వెనక్కు నెట్టింది. ఈ ఘటనను మంట చరిత్రగా కంటే పొగ చరిత్రగా చదవడమే సమంజసం. భూగర్భ కట్టడాలలో వెలికి వచ్చే దారి, గాలి వసతి ఆర్పే సాధనాల కంటే ముందు లెక్కకు రావలసినవి.

వాయు దహనంలో క్రమం తలకిందులవుతుంది. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి నుండి ఎగసిన మంట 65 రోజులు మండింది. వాయువు ఆగకుండా జ్వాలను మాత్రమే ఆర్పితే, ఆ వాయువు పరిసరాలలో పరచుకొని మరో నిప్పురవ్వకు పేలిపోగలదు. కనుక మూలాన్ని మూసేవరకు మంటను మండనివ్వడమే కొన్ని వేళల సురక్షితం. అక్కడ నీటి పని పరిసరాలను చల్లబరచడం.