వాషింగ్టను సేనకు వస్త్రముల కఱవు

లెక్కలు వ్రాయువాడనగుటచే చరిత్రగ్రంథములందును నా దృష్టి మొదట అంకెలమీదనే పడును. అమెరికనులు ఆంగ్లేయులతో స్వాతంత్ర్యయుద్ధము చేయుచుండగా, 1777 డిసెంబరు 23వ తేదీన వాలీఫోర్జి శిబిరమునుండి సేనాధిపతి జార్జి వాషింగ్టను తమ కాంగ్రెసునకు వ్రాసిన లేఖలో అట్టి అంకె యొకటి కలదు: కాలికి జోడు, ఒంటికి బట్ట లేక పనికి తగకున్న సైనికులు 2,898 మంది! వస్త్రాధికారి లేకపోలేదు, జేమ్సు మీజు ఆ యేటి జనవరిలోనే నియమితుడయ్యెను. బండ్లు, గుఱ్ఱములు చాలమిచే ఉన్న సరకైనను సకాలమున చేరదయ్యెను. పద్దులోని బట్ట చలి నాపదు గదా!

అధికారుల అవస్థ వేఱు. వారు సామాన్యముగా తమ దుస్తులు తామే కొనుక్కొనవలెను. కాగితపు డాలరు విలువ దిగజారగా జీతము ఒంటికి సరిపెట్టిన ఇంటికి లేదు. పలువురు రాజీనామాలిచ్చి ఆలుబిడ్డలను చేరుకొనిరి. 1778 ఫిబ్రవరిలో మార్తా వాషింగ్టను తానే భర్తయున్న శిబిరమునకు వచ్చెను. సేనాని గ్రీను భార్య కేథరీనును అచ్చట కాపురముండెను. యుద్ధానంతరము ఏడేండ్లు అధికారులకు సగము జీత మొసగుటకు కాంగ్రెసు మే నెలలో అంగీకరించెను.

1780లో ఫిలడెల్ఫియా స్త్రీలు ఇంటింట చందాలు వసూలుచేసిరి. సైనికుల చేతికి రొక్కమే ఇత్తుమని వారి నాయకురాలు ఎస్తరు రీడు కోరగా, వాషింగ్టను చొక్కాలు కావలెననెను. సెప్టెంబరులో ఆమె మరణించెను. బెంజమిను ఫ్రాంక్లిను కుమార్తె సారా ఆ పని నెత్తిన వేసికొని రెండువేలకు పైగా చొక్కాలు సిద్ధపఱచెను. ఒక్కొక్కదానిపై కుట్టిన స్త్రీ పేరుండెను.