ట్రైలరెక్కిన రేడియో గది

అమెరికా సైన్యం వదిలించుకున్న షెల్టర్ అనే అల్యూమినియం రేడియో గదినీ, దాన్ని మోయగల ట్రైలర్‌నీ వేలంలో కొని, కరెంటు తీగలు అందని కొండల్లో, ఎడారుల్లో రోజుల తరబడి ఉండడానికి వీలైన క్యాంపర్‌గా మార్చుకునేవాళ్లు ఆ దేశంలో ఉన్నారు. చూసినవాళ్లలో కొందరు దీన్ని చవక బేరం అంటారు, మరికొందరు యుద్ధ సామగ్రి మీద మోజు అని తీసిపారేస్తారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉండొచ్చు కానీ, అసలు సంగతి ఆ గది పుట్టుకలోనే ఉంది. ఊరికీ కరెంటుకీ దూరంగా, తన విద్యుత్తును తానే వెంట తెచ్చుకుని, లోపల మనుషులు గంటల తరబడి పనిచేసుకునేలా దాన్ని మొదటినుంచీ కట్టారు. క్యాంపర్‌గా మారినప్పుడు అది చేసేదీ పాత ఉద్యోగమే.

ఈ కథకు మొదలు రెండో ప్రపంచ యుద్ధం. షికాగోలోని హాలీక్రాఫ్టర్స్ కంపెనీ హామ్ రేడియో ఔత్సాహికుల కోసం హెచ్‌టీ-4 అనే ట్రాన్స్‌మిటర్ తయారుచేసేది. సైన్యం దాన్నే కొద్దిగా మార్పించి బీసీ-610 అని పేరుపెట్టి, 1942లో ఎస్‌సీఆర్-299 అనే సంచార రేడియో కేంద్రాన్ని నిలబెట్టింది. రేడియో, దాని ముందు కూర్చునే సిపాయిలు షెవర్లే వ్యాన్‌లో ఉండేవారు. వెనక తగిలించిన ట్రైలర్‌లో పెట్రోలు జనరేటర్ ఉండేది. ఉత్తర ఆఫ్రికా దండయాత్రలో ఈ ఏర్పాటు సత్తా చూపింది, దాని ఇబ్బందీ బయటపడింది. మంచి రోడ్డు లేని చోట ఆ వ్యాన్ ఇబ్బంది పడేది. పైగా గది బండిలో భాగమైతే, బండి మూలపడ్డ రోజు రేడియో కూడా మూగబోతుంది. అందుకని అవే పరికరాలను విడిగా ఒక షెల్టర్‌లో అమర్చి, దాన్ని రెండున్నర టన్నుల లారీ మీదకు ఎక్కించారు. అదే ఎస్‌సీఆర్-399. గది వేరు, బండి వేరు అన్న ఈ నిర్ణయమే ఇప్పటి క్యాంపర్‌కు అసలు పునాది అని నేననుకుంటాను. బండికి అతుక్కున్న గదిని బండితోనే తుక్కు చేయాలి. విడదీయగల గది బండి పోయినా బతికే ఉంటుంది, ఇంకో బండి వెతుక్కుంటుంది.

యుద్ధం తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చి పరికరాలు కుదించుకుపోయాయి, చిన్న గదులూ సాధ్యమయ్యాయి. పెద్ద లారీలకు ఎస్-280, ముప్పావు టన్ను, టన్నుంబావు బండ్లకు ఎస్-250 వాడుకలోకి వచ్చాయి. రెండిటికీ గోడల కట్టుబడి ఒకటే: రెండు అల్యూమినియం రేకులు, మధ్యలో గట్టిపడ్డ నురుగు. బరువు తక్కువ, చలి నుంచి కొంత రక్షణ, చెదపట్టదు, కుళ్లదు. క్రేన్‌తోనో హెలికాప్టర్‌తోనో ఎత్తడానికి మూలల్లో కడియాలు, నేలమీద ఈడ్చడానికి కింద పట్టీలు, బయటి తీగలను లోపలికి తీసుకోవడానికి గోడలోనే బిగించిన కనెక్షన్ల పలక, గాలి లాగే ఫ్యాన్లకు కంతలు. రాత్రివేళ తలుపు తీయగానే లోపలి దీపాలు ఆరిపోయే స్విచ్చి కూడా ఉంటుంది, వెలుగు చూసి శత్రువు గురిపెట్టకుండా. క్యాంపర్ కట్టుకునేవాడు సోలార్ తీగలను పాత కేబుళ్ల దారినే లోపలికి తెచ్చుకుంటాడు, ఫ్యాన్ల కంతల్లోనే కొత్త ఫ్యాన్లు బిగిస్తాడు. కొత్తగా కోయాల్సిన చోట్లు కొద్దే.

మరి ట్రైలర్ సంగతి? 1942లో ట్రైలర్ మీద జనరేటర్ ఉండేది, ఇప్పుడు ఆ స్థానంలో గదే కూర్చుంది. ఈ మార్పు వెనక మరో చరిత్ర ఉంది. 1954లో బెల్ లాబ్స్ అనే పరిశోధన సంస్థ సుమారు 6 శాతం సామర్థ్యంతో సిలికాన్ సౌరఘటాన్ని ప్రదర్శించింది. 1958లో వాన్‌గార్డ్-1 ఉపగ్రహం అలాంటి ఘటాలతోనే నింగిలో పనిచేసింది. ఆ ఘటాలు చవకై ఇళ్ల కప్పుల మీదకు దిగడానికి దశాబ్దాలు పట్టింది. 1990ల్లో పరిశోధనశాలలో రూపుదిద్దుకున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ తర్వాత బజారుకు వచ్చాక, రాత్రి దీపాలకూ చిన్న ఫ్రిజ్‌కూ సరిపడే కరెంటును ఒక పెట్టెలో దాచుకోవడం సాధ్యమైంది. జనరేటర్ పని సోలార్ పలకలుగా షెల్టర్ నెత్తికెక్కింది, ట్రైలర్ ఖాళీ అయింది. దాంతో వెనకటి లారీ అవసరమే లేకుండా పోయింది; మామూలు పికప్ బండి లాగితే చాలు. కాకపోతే బరువు లెక్క తప్పకూడదు. ఎం-101 రకం సైనిక ట్రైలర్ ముప్పావు టన్నుది, అంటే 1,500 పౌండ్లు, సుమారు 680 కిలోలు మోస్తుంది. ఖాళీ ఎస్-250 బరువే దాదాపు 350 కిలోలు. మిగిలే 330 కిలోల్లోనే బ్యాటరీ, సోలార్ పలకలు, పరుపు, పొయ్యి, సామాను సర్దుకోవాలి. వంద లీటర్ల నీళ్లు పెట్టుకుంటే వంద కిలోలు అక్కడే పోతాయి.

ఇంత తంటా దేనికి, రెడీమేడ్ క్యాంపర్ కొనుక్కోవచ్చుగా అనేవారున్నారు. నిటారుగా నిలబడగలగడం, స్నానాల గది ఉండడం ముఖ్యమనుకునే కుటుంబానికి అదే సరైన సలహా. సగటు ఎత్తు మనిషి ఎస్-250లో తల వంచుకునే ఉండాలి. కానీ చవక క్యాంపర్లలో చాలావాటికి లోపల చెక్క చట్రమే ఆధారం. కప్పు ఒక్కచోట కారితే నీరు చెక్కలోకి దిగి, కంటికి కనపడకుండా గోడను తినేస్తుంది. రాళ్ల దారిలో కుదుపులకు అతుకులు వదులవుతాయి. అడవి దారులు పట్టేవాడికి షెల్టర్ వైపు మొగ్గడం వెర్రి కాదు. ఎండలో రేకు గది కాలిపోతుందన్న అభ్యంతరం అంతకంటే బలమైనది. నిజమే, ఆ గోడల్లో నురుగు మందం ఎక్కువుండదు, చలికాలం లోహం మీద ఊపిరి తేమ నీరై కారుతుంది కూడా. లోపల మరో పొర ఇన్సులేషన్, ఎప్పుడూ ఆడే గాలి, పైన నీడ ఉంటే తప్ప ఈ గది సుఖంగా ఉండదు. రేడియో తరంగాలు చొరబడకుండా కట్టిన గోడలు కాబట్టి సెల్‌ఫోన్ సిగ్నల్ కూడా లోపలికి సరిగా రాదు. బయట యాంటెన్నా పెట్టుకోవాల్సిందే.

ప్రజల డబ్బుతో సైన్యానికి కొన్నదాన్ని విలాసాలకు ధారపోయడం ఏమిటన్నది మరో ప్రశ్న. దీనికి జవాబు 1944లోనే దొరికింది. యుద్ధం ముగియకముందే అమెరికా కాంగ్రెస్ మిగులు ఆస్తుల చట్టం చేసి, సైన్యానికి అక్కర్లేనివి పౌరుల చేతికి ఎలా చేరాలో నిర్ణయించింది. హామ్ ఔత్సాహికుల రేడియోను సైన్యం తీసుకుంది. ఆ రేడియో కోసం కట్టడం మొదలైన గదులు పౌరులకు తిరిగి రావడంలో నాకైతే న్యాయమే కనిపిస్తుంది. తుక్కు కింద కరిగించడం కంటే నిలిచి ఉన్న గదిని వాడుకోవడం మేలు కూడా.

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లెవరైనా ఈ పనికి పూనుకుంటే ముందు చూడాల్సినవి మూడు. సైనిక ట్రైలర్‌కు ఎస్ఎఫ్-97 అనే పత్రం వస్తుందో లేదో వేలానికి ముందే కనుక్కోండి, రిజిస్ట్రేషన్‌కు మామూలుగా అదే ఆధారం. సైనిక ట్రైలర్ దీపాలు 24 వోల్టులవి, మీ పికప్‌ది 12 వోల్టులు. వాటిని మార్చకుండా రోడ్డెక్కవద్దు. 1980ల తర్వాతి సైనిక రంగు రసాయన దాడికి తట్టుకునేలా చేసింది, దాని కింది పూతలో క్రోమియం ఉండొచ్చు. అంతకంటే పాతదైతే సీసం ఉండొచ్చు. పరీక్ష చేయించకుండా, సరైన మాస్కు లేకుండా, ఆ రంగును గరుకు కాగితంతో రుద్దకండి.